గురువారం వచ్చిన మిరుగు

స్వరూపరాణిని నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె కాలేజీ వెనక టార్పాలిన్ తొట్టిలో, కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఎవరినో తిడుతోంది. పిల్లల్ని అనుకున్నాను. దగ్గరికి వెళితే ఆ తిట్లు ఒక చేపకి. "ఏం తొందరున్నదే నీకు, జర ఆగరాదు" అంటూ చేతికి చిక్కని కొర్రమట్టను తిడుతోంది, బతిమాలుతోంది, రెండూ ఒకే గొంతుతో. ఈవిడ ఫిషరీస్ లెక్చరరు అని అటెండరు చెబితే నవ్వొచ్చింది. మా కాలేజీలో మిగతా లెక్చరర్లం సుద్ద పొడి చీర మీద పడితేనే విలవిల్లాడే రకం.

నేను అక్కడ ఇంగ్లీషు చెబుతాను. పుట్టింది తెనాలి, ఉంటున్నది కొత్తపేట. మా వంటింట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. అలాంటిదాన్ని చేపల మేడం గురించి రాయడానికి కూర్చున్నానంటే, ఆవిడ నా చేత ఈ పని చేయించిందనే చెప్పాలి.

మాది ఎల్బీ నగర్ మెట్రో దిగి, విజయవాడ బస్సుల కోసం జనం తోసుకునే చోటు దాటి, ఒక గల్లీ లోపలున్న ప్రైవేటు ఒకేషనల్ జూనియర్ కాలేజీ. పదో తరగతి తర్వాత ఏదో ఒక పని నేర్చుకోవాలనుకునే పిల్లలు వస్తారు. ల్యాబ్ టెక్నీషియన్‌కి గిరాకీ ఉంది, కంప్యూటర్లకి ఉంది. ఫిషరీస్‌కి మాత్రం ఎక్కడా సీటు దొరకనివాళ్లే వచ్చేవాళ్లు. "చేపలు పట్టుడు నేర్వనీకి కాలేజీ ఎందుకు?" అని తల్లిదండ్రులు మొహం మీదే అడిగేవారు. స్వరూపరాణికి ఆ మాట వింటే ఒళ్లు మండేది. "పట్టుడు గాదన్నా, అమ్ముడు నేర్పుతా" అనేది. వాళ్లకి అర్థమయ్యేది కాదు. నిజం చెప్పాలంటే నాకూ అర్థమయ్యేది కాదు.

ఆమెది ఇబ్రహీంపట్నం అవతల ఒక పల్లె. తండ్రి ఐలయ్య చెరువులో వల వేసేవాడు. పొద్దున్నే కట్ట మీదికి వ్యాపారి వ్యాను వచ్చేది. చేప పట్టినవాడు ఐలయ్య, ధర చెప్పేవాడు వ్యాపారి. "ఆడు ధర చెప్తుంటే మా నాయిన ఆడి మొకం దిక్కు చూడకపోతుండె మేడం. కాంటా దిక్కు చూస్తుండె" అని ఒకసారి టిఫిన్ డబ్బా మూత తీస్తూ చెప్పింది. ఆమె కాలేజీ దాకా చదివినా, జువాలజీలో ఎమ్మెస్సీ చేసినా, ఆ చూపు ఆమెను వదల్లేదు. అందుకే ఆమె క్లాసు విచిత్రంగా ఉండేది. ఆమె బేరగాడిలా నిలబడేది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి తన చేప ధర చెప్పాలి. ఆమె ముఖం చిట్లించాలి, తగ్గించమని గొణగాలి, వెళ్లిపోతున్నట్టు నటించాలి. ఆ సమయంలో తల దించి నేల చూసినవాళ్లకి ఆ రోజు తొట్టి కడిగే పని. భానుప్రియ చేరిన ఏడాది మొదట్లో తొట్లన్నీ ఆ పిల్లే కడిగింది. సరూర్‌నగర్‌లో ఆటో నడిపే ఆయన కూతురు. ఆ పిల్ల నోరు తెరిస్తే మొదటి బెంచీకి కూడా వినపడదు.

ఆ తొట్లుండే షెడ్డు గురించి కొంచెం చెప్పాలి. అక్కడ దేన్నీ పారేయరు. కొత్తపేట రైతుబజార్లో సాయంత్రం మిగిలిపోయిన కూరగాయలు తెచ్చి డబ్బాల్లో వేస్తారు. వాటి మీద ఒక రకం నల్ల ఈగ పురుగులు పెరుగుతాయి. ఆ పురుగులు చేపలకి మేత. తొట్టిలోంచి తీసిన మురికినీళ్లు పక్కనే ఆకుకూర మళ్లకి వెళతాయి. ఆ పాలకూరే పిల్లలు స్టాఫ్ రూముకి తెచ్చి అమ్మేవాళ్లు. ఇంత ఏపైన ఆకు ఎక్కడా దొరకదని నేను అందరికంటే ముందు కొనేదాన్ని. అది చేపల నీళ్లతో పెరిగిందని తెలిసిన రోజు ఒంటికాలి మీద లేచాను.

"ఏంటండీ ఇది, ఒక్క మాట చెప్పద్దూ?"

"నీళ్లే గద మేడం. ఆకుల చేప లేదు" అంది స్వరూపరాణి, ఏమీ జరగనట్టు.

వారం రోజులు బెట్టు చేసి మళ్లీ కొన్నాను. ఆకు అంత బాగుండేది.

కొర్రమట్టకి ఒక గుణం ఉంది. నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. అందుకే తక్కువ నీళ్లలో కూడా చాలాసేపు బతుకుతుంది. ఇంకో గుణం కూడా ఉంది. తనకంటే చిన్నది కనిపిస్తే మింగేస్తుంది. అందుకని తరచూ పెద్దవాటిని, చిన్నవాటిని వేరు చేస్తుండాలి. దసరా సెలవులకి ముందు ప్రణీత్ అనే కుర్రాడి బృందం ఆ పని బద్ధకించింది. సెలవులయ్యాక వచ్చి చూస్తే తొట్టి బోసిపోయింది, మిగిలినవి మాత్రం నిగనిగలాడుతున్నాయి. ప్రణీత్ ఏడుపొకటే తక్కువ. స్వరూపరాణి అరుస్తుందని అందరం అనుకున్నాం. అరవలేదు. "మార్కెట్‌ల గూడ గిట్లనే ఉంటది. పెద్దోడి పక్కన నిలవడేటప్పుడు జర చూసుకొని నిలవడాలె" అని, వాళ్ల చేతే కొత్త చేపపిల్లల్ని కొనిపించి మళ్లీ మొదలుపెట్టించింది. ఆ తొట్లు కాలేజీవి కావు, పిల్లలవే. నలుగురికి ఒకటి. లాభమొస్తే వాళ్లది, నష్టమొస్తే వాళ్లదే. ఆ పద్ధతి మాకెవరికీ నచ్చేది కాదు. పసివాళ్లకి నష్టమేమిటి అని నేను కూడా వాదించాను.

మే నెలాఖర్న ప్రిన్సిపాల్ కమలాకర్ గారు ఆమెను పిలిచారు. పిలిచినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. కాలేజీ స్థలం వాళ్ల తాతలది. ఒకప్పుడు జొన్న పండిన చేలో ఇప్పుడు మూడంతస్తులు లేచాయి, ఆయన గజం ధర తప్ప ఇంకేదైనా మర్చిపోగలరు. చెడ్డ మనిషి కాదు, లెక్క మనిషి.

"పోయినేడు నీ గ్రూపుల ఎంతమంది చేరిన్రో నీకు తెలుసు, నాకు తెలుసు. ఈసారి పదిహేను మంది రాకపోతే బంద్ చేస్తనమ్మా. షెడ్డు తీసేసి పార్కింగుకు కిరాయికిస్తా. నీ పాత పిల్లల్ని కంప్యూటర్లకు మార్పిస్తా."

ఆ పాత పిల్లలకి కంప్యూటర్లు వద్దు. ఏడాదంతా ఎండలో, సెలవుల్లో వచ్చి మేత వేసిన తొట్లు వాళ్లవి. ఆమెకి ఉద్యోగం పోతుందన్న సంగతి వేరే. "మిరుగు దాంక టైమియ్యున్రి సార్" అంది స్వరూపరాణి.

మిరుగు అంటే మృగశిర కార్తె వచ్చే రోజు. ఆ రోజు చేప తినని ఇల్లు ఈ ఊళ్లో అరుదని నాకు పెళ్లయి వచ్చాకే తెలిసింది. ఎండలు పోయి వానలు పడే ఆ సంధికాలంలో ఒంటికి వేడి కావాలంటారు. మార్కెట్లో ఇసుకేస్తే రాలనంత జనం. ఆమె ఆలోచన సులువైనది. ఆ రోజు కాలేజీ గేటు దగ్గర పిల్లలే తమ చేపలు అమ్ముతారు. వచ్చిన తల్లిదండ్రులు కళ్లారా చూస్తారు. ఈ చదువేమిటో నోటితో చెబితే వినలేదు కాబట్టి చూపించాలని ఆమె పట్టుదల. పిల్లలు దిల్‌సుఖ్‌నగర్ నుంచి సరూర్‌నగర్ చెరువు దాకా ఇల్లిల్లూ తిరిగి కరపత్రాలు పంచారు. 'మిరుగు నాడు పానమున్న కొర్రమట్ట' అని పెద్ద అక్షరాలు, అంటే బతికున్న చేప. ఫోన్ల మీద ఫోన్లు, ఆర్డర్ల మీద ఆర్డర్లు. షెడ్డులో పండగ వాతావరణం.

సోమవారం నాడు కమలాకర్ గారు ఆ కరపత్రం చేతిలో పట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చారు. గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్లి ఒక గడి మీద వేలు పెట్టారు.

"మిరుగు ఏ వారం పడ్డదో చూసినవా?"

చూడలేదు. ఎవరూ చూడలేదు. గురువారం.

మిరుగు తేదీ వాళ్లకి నోటికి వచ్చు. వారం చూసే అలవాటు లేదు. ఆమె ఊళ్లో, ఆ పిల్లల ఇళ్లలో మిరుగుకి వారం పట్టింపు ఉండదు. కానీ దిల్‌సుఖ్‌నగర్ బాబా గుడి చుట్టుపక్కల కాలనీల్లో గురువారం సంగతి వేరు. ఆ రోజు గుడి దగ్గర రోడ్డు దాటాలంటే నాకే అరగంట పడుతుంది. కమలాకర్ గారు పాతికేళ్లుగా గురువారం ఒంటిపూట ఉండే మనిషి.

"గురువారం నాడు నా గేటు ముంగట చేపలు కోస్తరా? నడువది" అని వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి ఫోన్లు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి రద్దు చేసుకోవడానికి. మిరుగని చెప్పేసినం గాని గురువారమంట గదా, వద్దు బిడ్డ. అందరిదీ ఇదే పాట. పిల్లల మొహాలు చూడలేకపోయాం. స్వరూపరాణి క్యాలెండర్ ముందు నిలబడి తనను తనే తిట్టుకుంది. ఆ తిట్లు ఇక్కడ రాయను.

బుధవారం పొద్దున యోగేందర్ అని ఒక టోకు వ్యాపారి బండేసుకుని వచ్చాడు. కబురు ఎలా తెలిసిందో తెలియదు. తొట్టి అంచు మీద చెయ్యి వేసి, చేపల్ని కాకుండా ఆకాశాన్ని చూస్తూ మాట్లాడాడు.

"రేపు గురువారం, ఎవ్వలు కొనరు. మిరుగు పోయినంక ఎవ్వలు అడగరు. మొత్తం నాకిచ్చెయ్యున్రి, సగం ధరకు. పరేషాన్ ఎందుకు మేడం మీకు?"

మాటలో తప్పు లేదు. వ్యాపారమంటే అంతే. నేనైతే ఇచ్చేసేదాన్ని. స్వరూపరాణి అతని మొహంలోకే చూసింది. పక్కకి తిరిగి, "తొట్టి నీది. నువ్వే చెప్పు" అంది భానుప్రియతో.

ఆ పిల్ల చేతులు చున్నీకి తుడుచుకుంది. కానీ నేల చూడలేదు. అది నేను గమనించాను. "సగానికి ఇయ్యం అన్నా" అంది, ఎప్పటిలాగే సన్నగా. ఒక్క మాటే. అతను నవ్వి, సాయంత్రం మళ్లీ వస్తానని వెళ్లాడు. అతను గల్లీ మలుపు తిరిగాక ఆ పిల్ల తొట్టి పక్కనే కూలబడి ఏడ్చింది. ఇవ్వననడమైతే తెలిసింది, ఆ తర్వాత ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు.

అలాంటప్పుడు ఇంకో ఫోను. సరూర్‌నగర్ పాత ఊరి నుంచి భారతమ్మ అని ఒక పెద్దావిడ. భానుప్రియ కళ్లు తుడుచుకుని స్పీకరు ఆన్ చేసింది.

"రేపు మేం ముట్టం బిడ్డ. మా కోడలు బాబా ఉపాసం. ఎల్లుండి దొరుకుతయా?"

"లేదు పెద్దమ్మా, మిరుగు రేపే గదా. రేపటికే రాసుకున్నం" అని భానుప్రియ ఫోను పెట్టేసింది.

స్వరూపరాణి చేతిలో చిన్న వల ఉంది. అది కింద పడేసింది.

"ఎందుకు లేదన్నవ్?"

"మిరుగు రేపు గదా మేడం."

"చేపలు రేపు చచ్చిపోతయా?"

పిల్ల తెల్లబోయి చూసింది. నేను కూడా అలాగే చూశాను. స్వరూపరాణి గొంతు ఒక్కసారిగా లేచింది. పది రోజుల కోపమంతా అందులో ఉంది, కానీ కోపం మాత్రమే కాదు. "మార్కెట్ల చేప ఐసు మీద పండుకుంటది. గా అమ్మేటోడు రేపే అమ్మాలె. మనది నీళ్లల ఉన్నది, పానం తోని ఉన్నది. ఎల్లుండి గూడ ఉంటది, ఆదివారం గూడ ఉంటది. కార్తె ఒక్క దినమే ఉంటదా? ఆమెకు ఫోన్ జెయ్యి."

భానుప్రియ ఫోను చేసింది. క్షమించమంది. శుక్రవారం ఇస్తానంది. పెట్టేయబోతూ, ఎందుకో తనంతట తానే ఒక ప్రశ్న అడిగింది. "పెద్దమ్మా, మీ ఇంట్ల ఇంకేమన్న వారాలు ఉన్నయా? ముట్టనియి?"

"శనివారం గూడ ముట్టం బిడ్డ, ఎంకన్నస్వామి దినం. ఎవ్వలడగరు గిట్ల. చల్లగుండు."

ఆ ప్రశ్న స్వరూపరాణి నేర్పలేదు. ఏ పుస్తకంలోనూ లేదు. ఆ పిల్లకి తట్టింది. స్వరూపరాణి ఆ పిల్లను గట్టిగా కావలించుకుంది, ఇద్దరి బట్టలూ తడిసిపోయాయి.

ఇక ఆ రోజంతా షెడ్డు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ అయింది. పిల్లలందరూ తలో ఫోనూ పట్టుకుని, రద్దు చేసుకున్న ప్రతి ఇంటికీ ఒకే ప్రశ్న. మీ ఇంట్ల ఏ వారం ముట్టరు? గురువారం బాబా, శనివారం వేంకటేశ్వరస్వామి, మంగళవారం ఆంజనేయుడు, సోమవారం శివుడు. కొన్ని ఇళ్లలో శుక్రవారం అమ్మవారు. ఏ దేవుడికీ కోపం రాకుండా ప్రతి ఇంటికీ ఒక రోజు దొరికింది. ప్రణీత్ అప్పటికప్పుడు వాట్సాప్ గ్రూపులు పెట్టాడు. ఒకదాని పేరు 'గురువారం తిననోళ్లు'. ఇంకోదాని పేరు 'శనివారం తిననోళ్లు'. ఆ పేర్లేంట్రా అని నేను కసిరితే, గంటలో ఎంతమంది చేరారో చూపించాడు. నోరు మూసుకున్నాను. అంతే కాదు, పట్టింపు లేని నా పనిమనిషికి నేనే ఫోను చేసి ఒకటి చెప్పించాను.

సాయంత్రం యోగేందర్ వచ్చాడు. ఈసారి ధర కొంచెం పెంచాడు. భానుప్రియ పిల్లలందరి ముందు, అతని కళ్లలోకి చూస్తూ, తన ధర చెప్పింది. వెనక బెంచీకి కూడా వినపడేలా చెప్పింది. అతను తల ఊపి ఒక్క చేప కొనుక్కున్నాడు, ఇంటికి.

గురువారం గేటు తెరవలేదు. కమలాకర్ గారి మాట మాటే. పట్టింపు లేని ఇళ్లకి పిల్లలే స్కూటర్ల మీద మూత బకెట్లలో చేపలు తీసుకెళ్లి, గుమ్మంలో బతికున్న చేపని చూపించి ఇచ్చారు. మార్కెట్లో ఐసు చేప కోసం చొక్కాలు చిరిగిన రోజున, వీళ్ల చేప బకెట్లో తోక ఆడిస్తూ ఇంటికొచ్చింది. ఆ మాట సాయంత్రానికి కాలనీలన్నీ చుట్టింది.

శుక్రవారం పొద్దున నేను కాలేజీకి వచ్చేసరికి వరుస గేటు దాటి, గల్లీ దాటి, మెయిన్ రోడ్డు మీదికి పాకింది. నాకు ముక్కు మూసుకోవాలన్న సంగతే గుర్తు రాలేదు. ప్రణీత్ తూకం, ఇంకో ఇద్దరు శుభ్రం చేయడం, భానుప్రియ ధర. తగ్గించమన్న ప్రతివాళ్లకీ ఆ పిల్ల నవ్వుతూ అదే ధర చెబుతోంది. వరుస మధ్యలో చేతి సంచి పట్టుకుని కమలాకర్ గారు. ప్రిన్సిపాల్ కదా అని ఎవరో ముందుకి రమ్మంటే, "నాది గురువారం గ్రూపు, ఆగుతా" అన్నారు. నాకు ఆ మనిషి మీద మొదటిసారి ముచ్చటేసింది.

భారతమ్మ గారు మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చారు. సుష్మిత, అప్పుడే పదో తరగతి పాసైన పిల్ల. చేప తీసుకున్నాక కూడా ఆవిడ కదల్లేదు. భానుప్రియని కిందా పైనా చూశారు.

"గీ తొట్టి ఎవలది బిడ్డ?"

"మాది పెద్దమ్మా. మేం నలుగురం."

"నువ్వు ఏం చదువుతున్నవ్?"

"గిదే చదువుతున్న."

ఆవిడ మనవరాలి వైపు చూశారు. మనవరాలు తొట్టి వైపు చూస్తోంది. వెనక ఉన్నవాళ్లు ఊరుకుంటారా, ఎన్నేళ్లు, ఎంతమంది, ఆడపిల్లల్ని చేర్చుకుంటారా అని ప్రశ్నలు. స్వరూపరాణి చేతులు పొలుసులతో నిండి ఉన్నాయి. జవాబు చెబుదామని తలెత్తేలోపు, వరుసలోంచి కమలాకర్ గారు బయటికొచ్చారు. సంచి నా చేతికిచ్చి, ఆఫీసులోకి వెళ్లి దరఖాస్తులు తెచ్చి, నిలబడినచోటే పంచడం మొదలుపెట్టారు. పంచుతూ పంచుతూ తన చేప సంగతి మర్చిపోయారు. ఆయన వంతు వచ్చేసరికి తొట్టి ఖాళీ. "వచ్చే శుక్రవారం సార్, గ్రూపుల పెడత" అన్నాడు ప్రణీత్.

పదిహేను మంది వస్తే చాలనుకున్నాం. చేరినవాళ్లు అంతకు రెట్టింపు దాటారు, అందులో ఆడపిల్లలే ఎక్కువ. మొదటి రోజు క్లాసులో సగం మంది నిలబడే ఉన్నారు. బెంచీలు చాలలేదు. పై అంతస్తు నుంచి దించాల్సి వచ్చింది. అటెండరు ఒక్కడే ఏం మోస్తాడు? కమలాకర్ గారు చొక్కా చేతులు పైకి మడిచి ఒక కొస పట్టారు. రెండో కొస నేను పట్టాను. మెట్ల మీద ఇద్దరం రొప్పుతూ దిగుతుంటే, గుమ్మంలో స్వరూపరాణి నిలబడి ఉంది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. ఇన్నేళ్లలో ఆమె ఏడవడం నేను చూడలేదు.

ఆమె కొత్త పిల్లల వైపు తిరిగింది. ఆ కన్నీళ్లతోనే గద్దించింది.

"నిలవడి ఏం చూస్తున్నరు? జరుగున్రి. ముగ్గురు కూసునే కాడ నలుగురు కూసోవాలె."